తొంభై సెకన్ల భయం

మా ఆయన తవిటినాయుడంత పిరికివాణ్ణి నేను చూడలేదు. ఎగతాళికి అనడం లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో చెయ్యాల్సిన ఎగతాళంతా చేసేశాను, ఇప్పుడు ఆ సరదా తీరిపోయింది. గ్యాస్ కట్టేశాక వెనక్కి వచ్చి మరో రెండుసార్లు చూసేవాడు. లిఫ్టు ఎక్కమంటే మెట్లే మంచివనేవాడు. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, ఆ తాళం లాగి చూడ్డానికి మళ్ళీ వచ్చేవాడు. నేను ఫోన్ ఎత్తడం పది నిమిషాలు ఆలస్యమైతే మా స్టూడియో వాచ్‌మన్‌కి ఫోన్ చేసి నేను ఉన్నానో లేదో అడిగేవాడు.

ఇంతటి మనిషి చేసే ఉద్యోగం కరెంటు లైన్‌మన్. మధురవాడ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఆయన ఎక్కని స్తంభం లేదు. లైన్ మీద పని ఉంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్సీ తీసుకుంటారు. ఎల్సీ అంటే ‘ఈ లైన్లో కరెంటు ఆపేశాం, ఎక్కొచ్చు’ అని వాళ్ళిచ్చే మాట. మా ఆయన ఆ మాటని ఒక్కనాడూ నమ్మలేదు. ఎల్సీ వచ్చాక కూడా, ఒక చివర భూమిలోకి దిగేసిన ఇనప గొలుసుని తీగల మీదికి విసిరేవాడు. కరెంటు ఉంటే పెద్ద మెరుపు మెరుస్తుంది, లేకపోతే గొలుసు ఊరికే వేలాడుతుంది. అది ఊరికే వేలాడితేనే ఆయన స్తంభం మీద కాలు పెట్టేవాడు.

“కరెంటుకి చెవుల్లేవు ఈశ్వరీ. ఫోన్లో ఎవుడేటి చెప్పినా దానికి వినపడదు” అనేవాడు. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన ఒంటి మీద చిన్న కాలిన మచ్చ కూడా లేదు.

నా పేరు జ్ఞానేశ్వరి. నేను సినిమా ఎడిటర్‌ని. పెద్ద సినిమాలవి కాదు. మా సంస్థ పేరు గుప్పెడు పిక్చర్స్. ఏడాదికొకసారి ‘ఇరవయ్యొక్క ఉలికిపాట్లు’ అని ఒక సంకలనం విడుదల చేస్తాం. అందులో ఇరవయ్యొక్క భయానక చిత్రాలుంటాయి, ఒక్కొక్కటీ సరిగ్గా తొంభై సెకన్లు. ఇరవయ్యొక్క మంది దర్శకులు తీస్తారు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి.

తొంభై సెకన్లలో ఎవరినీ పరిచయం చెయ్యడానికి తీరిక ఉండదు. ఒక గది, ఒక మనిషి, ఆ మనిషి చూడకూడని మూల ఒకటి. చూసేవాడి భయం పైకి ఎక్కుతుండగానే తెర నల్లబడాలి. ఒక్క సెకను ముందు కోస్తే ఏమీ అర్థం కాదు, ఒక్క సెకను వెనక కోస్తే నవ్వొస్తుంది. ఆ సెకను పట్టుకోవడమే నా పని, అందులో నాకు పొగరు కూడా ఉంది.

మూడో సంకలనానికి మా నిర్మాత విఖ్యాత్ ఎక్కడినుంచో డాక్టర్ కాత్యాయనిని తీసుకొచ్చాడు. మెదడు మీద పరిశోధన చేసే మనిషి. ఆవిడ తయారుచేసిన పట్టీ ఒకటి మణికట్టుకీ రెండు వేళ్ళకీ తొడిగితే, చెమటనీ నాడినీ లెక్కగట్టి, నా తెర మీద చిత్రం కింద ఒక పచ్చగీత గీస్తుంది. గీత పైకి లేస్తే భయం, పడుకుంటే విసుగు. ఇంతవరకూ నా కడుపులో ఉండే అంచనా ఇప్పుడు కళ్ళకి కనిపిస్తుందన్నమాట. నేను ఎగిరి గంతేశాను.

గీత గీయించుకోవడానికి ప్రేక్షకులు కావాలి. కాలేజీ పిల్లల్ని పిలిస్తే పకపకా నవ్వారు. పక్క వీధి ఆంటీలు ‘ఆ పిల్ల కట్టుకున్న చీర ఎక్కడిదమ్మా’ అన్నారు. చివరికి ఒక ఆదివారం మా ఆయన్ని కూర్చోబెట్టాను. మొదటి చిత్రం ఇరవయ్యో సెకనుకే పచ్చగీత తెర అంచుని తాకింది. డాక్టర్ కాత్యాయని కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఈశ్వరిగారూ, ఇంత స్వచ్ఛమైన గీత నేను ఎక్కడా చూడలేదు. వీరిని వదలొద్దు” అంది.

“నానేటి, ఎలకనా?” అన్నాడు మా ఆయన, చెమట తుడుచుకుంటూ. అయినా నాకోసం ప్రతి వారం వచ్చాడు. భయపడుతూనే వచ్చాడు, అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది.

మా పద్ధతి ఇలా ఉండేది. చిత్రం చూపిస్తాను. గీత ఎక్కడ వంగిందో చూసుకుని అక్కడ కోస్తాను. కోతకి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ ఆయనకి వేడి పకోడీ, టీ ఇచ్చి, ‘ఏమీ కాలేదుగా, ఉత్త బొమ్మేగా’ అని వీపు నిమిరి, మళ్ళీ కూర్చోబెట్టి అదే చిత్రం చూపించేదాన్ని. ఒక్కో చిత్రానికి పది, పన్నెండు సార్లు. ఎడిటర్లందరూ చేసేది ఇదే. కోసి చూపించు, చూపించి కొయ్యి.

ఏడో చిత్రం దగ్గర నాకు అత్యాశ పట్టింది. దాని కథ చిన్నది. ఒక మనిషి స్తంభం ఎక్కుతాడు, కింద ఎవరో మీట దగ్గర నిలబడి ఉంటారు, ఆ ఎవరో మొహం కనిపించదు. దర్శకుడు దానికి ఏదో దెయ్యం సంగీతం పెట్టాడు. నేను అది తీసేసి, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ మోత రికార్డు చేసి పెట్టాను. మా ఆయన గొలుసు తీగకి తగిలే చప్పుడు కూడా పెట్టాను. ఆయనకి ప్రపంచంలో అన్నిటికన్నా భయం దేనికో నాకు తెలుసు. పెళ్ళాన్ని కదా, నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

పచ్చగీత తెర దాటిపోయింది. మా ఆయన కుర్చీ చేతులు పట్టుకుని బిగుసుకుపోయాడు. నేను మాత్రం చప్పట్లు కొట్టాను. ఈ మాట దాచుకోవాలని ఉంది గాని దాచుకోను.

రెండోసారి గీత కొంచెం తగ్గింది. కోత బాగోలేదనుకున్నాను. సరిచేసి చూపించాను, ఇంకా తగ్గింది. చిత్రం పాతబడుతోందనుకుని మోత పెంచాను. అలా రెండు వారాల్లో ఇరవై ఆరు సార్లు చూపించాను. చివరి రోజు ఆయన పకోడీ నములుతూ చూశాడు. గీత పడుకుంది. విసుగొచ్చి ఆ చిత్రాన్ని పక్కన పడేశాను. తప్పు చిత్రానిదే అనుకున్నాను గాని, మనిషి వైపు చూడాలని నాకు తట్టలేదు.

డాక్టర్ కాత్యాయనికి మాత్రం తట్టినట్టుంది. మూలన కూర్చుని నీలం అట్ట పుస్తకంలో ఏదో రాసుకునేది. నేను దగ్గరికి వెళ్తే మూసేసేది. అప్పటినుంచే ఆవిడ మీద ఒక కన్నేసి ఉంచాను.

*

ఇంట్లో మార్పు మెల్లగా తెలిసింది. మొదట సంతోషమే వేసింది. తాళం ఒక్కసారే వేశాడు. నాతో పాటు లిఫ్టు ఎక్కి, అద్దంలో మీసం దువ్వుకున్నాడు. బీచ్ రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడకుండా నడిచాడు, బస్సు వాడు తిట్టిన తిట్లకి నవ్వాడు.

“ఏంటి, కొత్తగా ధైర్యం వచ్చింది? ఎవర్తయినా తగిలిందా?” అన్నాను.

“నీతోనే వేగలేకపోతన్నాను, ఇంకొకర్తి కూడానా?” అన్నాడు.

నవ్వాను గాని అనుమానం పోలేదు. ఒక మనిషి నలభై నాలుగో ఏట ఊరికే మారడు. ఫోన్ చూశాను, జేబులు చూశాను. సిగ్గుపడుతూనే చూశాను. ఏమీ దొరకలేదు. ఒక రోజు కావాలనే మూడు గంటలు ఫోన్ ఎత్తలేదు. స్టూడియో వాచ్‌మన్‌ని అడిగితే ఎవరూ చెయ్యలేదన్నాడు. సాయంత్రం ఇంటికి వెళ్తే ఆయన క్రికెట్ చూస్తున్నాడు.

“నేను చచ్చానో బతికానో అనైనా అనుకోలేదా?” అన్నాను.

“పనిలో ఉంటావనుకున్నాను” అన్నాడు, ఎంతో మామూలుగా. ఆ మామూలుతనం నన్ను పొడిచింది.

మర్నాడు పొద్దున్న బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, కుండీల వెనక గొలుసు కనిపించింది. ఆయన అప్పటికే పనిలోకి వెళ్ళిపోయాడు. గొలుసు లేకుండా వెళ్ళాడు. నా చేతిలో బకెట్ అలాగే ఉంది. ఫోన్ చేశాను.

“గొలుసు ఇంట్లో ఉండిపోయింది, ఎక్కకండి!”

“ఎక్కి దిగీసేను కూడాను. బరువే అది, ఎందుకు మోసుకెళ్ళడం? ఎల్సీ ఇచ్చీసేరు కదా.”

పద్దెనిమిదేళ్ళుగా ఆ మనిషి నోటి నుంచి రాని మాట అది. బట్టలు బకెట్లోనే వదిలేసి బయల్దేరాను.

*

స్టూడియోకి వెళ్ళి మా ఆయన గీతలన్నీ తేదీల వారీగా ఒకదాని కింద ఒకటి పేర్చాను. ఇన్నాళ్ళూ ఒక్కో చిత్రాన్ని విడిగా చూశాను, మనిషిని వరసగా ఎప్పుడూ చూడలేదు. మొదటి వారం కొండలు. చివరి వారం ఇరవయ్యొక్క చిత్రాలకీ ఒకటే చదును. డాక్టర్ కాత్యాయని వెనక నిలబడి ఉంది.

“ఇది మీకెప్పుడు తెలుసు?” అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “మూడో వారంలో అనుమానం వచ్చింది.”

“మరి చెప్పలేదేం?”

“ఎంతవరకూ పోతుందో చూద్దామనుకున్నాను. తప్పే. భయం గుర్తొచ్చిన ప్రతిసారీ, తడి సిమెంటులాగా కాసేపు మెత్తబడుతుంది. మళ్ళీ గట్టిపడేలోపు ఏం జరిగితే అది కూడా అందులో కలిసిపోతుంది. ఎలుకల మీద ఏడేళ్ళుగా ఇదే ప్రయత్నిస్తున్నాం. మీరు ఆయన భయాన్ని లేపారు, పది నిమిషాలు పకోడీ పెట్టి వీపు నిమిరారు, మళ్ళీ లేపారు. మాకు చేతకానిది మీరు రెండు నెలల్లో చేశారు.”

ఆవిడ గొంతులో బాధ ఉంది, దాని అడుగున సంబరం కూడా ఉంది. నాకు గొంతుల సంగతి తెలుసు. ఆవిడని కొట్టాలనిపించింది. కానీ కోసింది నా చెయ్యి, మోత పెట్టింది నా చెయ్యి. ఆవిడ చూస్తూ ఊరుకుంది, అంతే.

విఖ్యాత్‌కి చెబితే అతని కళ్ళు మెరిశాయి. “అక్కా, మళ్ళీ మళ్ళీ చూడండి, భయం పోగొట్టుకోండి అని పోస్టర్ వేస్తే?” అన్నాడు. ఏడో చిత్రం ఇవ్వనని, ఇస్తే నా పేరు తీసెయ్యమని కేకలేశాను. చిత్రంలో మాయ ఏమీ లేదని, ఒక్కసారి చూసినవాళ్ళకి ఏమీ కాదని డాక్టర్ అంది. చివరికి సరేనని ఇచ్చి, ‘ఒక్కసారి మాత్రమే చూడాలి’ అని మొదట్లో అక్షరాలు వేయించాను. జనం దాన్ని ప్రచారం ఎత్తు అనుకుని నాలుగేసిసార్లు చూశారని తర్వాత విన్నాను.

నాకప్పుడు లోకం గురించి పట్టలేదు. మా ఆయన రోజూ స్తంభం ఎక్కుతున్నాడు. సెలవు పెట్టమంటే వినలేదు. వాళ్ళ ఇంజనీరు దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. “మనిషికి ధైర్యం ఎక్కువైందని సెలవిమ్మంటారేటమ్మా?” అని ఆయన నవ్వాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“మొన్న నువ్వు ఫోన్ ఎత్తలేదే, ఆ రోజు నాకూ అనుమానం వచ్చింది. నీకేదో అయిపోయినట్టు కావాలని అనుకున్నాను. ఆసుపత్రి, రక్తం, అన్నీ అనుకున్నాను. లోపల ఏటీ కదల్లేదు ఈశ్వరీ. నువ్వంటే ఇష్టం ఉంది. నువ్వు పోతావేమో అన్న బెంగ మాత్రం లేదు. అది లేకుండా ఇష్టం ఒక్కటీ ఎలాగో ఉంది” అన్నాడు. “అది నాకు మళ్ళీ కావాలి.”

పదకొండేళ్ళలో ఆయన నాతో అన్న మాటల్లో అంత ప్రేమ ఉన్న మాట ఇంకొకటి లేదు.

*

పోయిన భయాన్ని వెనక్కి తేవడానికి ఒక్కటే దారి ఉందని డాక్టర్ కాత్యాయని చెప్పింది. పసిపిల్లలు పాముని చూసి భయపడరు, పాముని చూసిన అమ్మ మొహం చూసి భయపడతారు. భయం ఒక మొహం నుంచి ఇంకో మొహానికి అంటుకుంటుంది. మా ఆయన తీగ మీద చెయ్యి వేసే క్షణంలో, నిజంగా హడలిపోయిన నా మొహాన్ని చూడాలి. నటిస్తే పనికిరాదు, మెదడు పసిగట్టేస్తుంది.

“అంటే నాకు తెలియకుండా చేస్తారా?”

“కరెంటు లేని లైన్ ఒకటి చూసుకుంటాం. ఆయనకి చెబుతాం, మీకు చెప్పం. రాబోయే అరవై రోజుల్లో ఏదో ఒక రోజు మిమ్మల్ని కంగారుపెట్టి పిలిపిస్తాం. మీ మొహాన్ని కెమెరాతో కూడా తీస్తాం. మీరు ఒప్పుకుంటేనే.”

మోసపోవడానికి నేను సంతకం పెట్టాను. ఆ కాగితాన్ని, నన్ను ఒకసారి మోసం చేసిన మనిషి చేతిలోనే పెట్టాను.

ఆ రోజునుంచి నాకు మనశ్శాంతి లేదు. పాలవాడు రెండుసార్లు బెల్లు కొడితే వీడిని డాక్టర్ పంపిందేమో అనుకునేదాన్ని. ఎదురింటి డాబా మీద ఎవరో నిలబడితే కెమెరా అనుకునేదాన్ని. మా ఆయన మామూలుగా నవ్వినా ఏదో దాస్తున్నాడనిపించేది.

“ఇవాళేనా?” అని అడిగేదాన్ని.

“ఏటి ఇవాళ?” అనేవాడు. ఆ అమాయకత్వం నిజమో నేర్పిందో తెలిసేది కాదు.

ఒక్క పని మాత్రం మానలేదు. రోజూ పొద్దున్న గొలుసు ఆయన సంచిలో నేనే పెట్టేదాన్ని. ఆయన నా మాట తీసెయ్యలేక పట్టుకెళ్ళేవాడు. దాన్ని విసిరేవాడో లేదో దేవుడికే తెలియాలి.

ఇరవై మూడో రోజు, పదకొండు గంటలప్పుడు ఫోన్ వచ్చింది. ఆయనతో పనిచేసే కూర్మారావు.

“వదినా, తొందరగా రా. రొయ్యల షెడ్డు పక్క స్తంభం. గొలుసు ఇంట్లో వదిలీసి వచ్చేడు. ఎల్సీ ఇచ్చీసేరు, ఏటవదు అని ఎక్కీస్తన్నాడు. ఎక్కడో జనరేటరు ఆడుతున్నట్టుంది, దాన్నుంచి కరెంటు లైన్లోకి వెనక్కి వచ్చీగలదు. నా మాట వినడం లేదు, నువ్వు చెప్తే వింటాడు. గొలుసు పట్టుకుని రా వదినా!”

నేను లోపల నవ్వుకున్నాను. కూర్మారావు ఇంత బాగా నటిస్తాడని తెలియదు. జనరేటరు ముక్క ఎవరు రాసిచ్చారో గాని బాగుంది. బయల్దేరబోతూ చూస్తే తలుపు పక్కన గొలుసు ఉంది. పొద్దున్న సంచిలో నేను పెట్టినది బయటికి ఎలా వచ్చింది? సన్నివేశానికి సామాను కూడా సర్దారు అనుకున్నాను. దాన్ని అక్కడే వదిలేశాను. కెమెరా ఉంటుంది కదా అని జడ సరిచేసుకుని, స్కూటర్ తీశాను.

షెడ్డు మా ఇంటికి అయిదు నిమిషాల దూరం. నేను వెళ్ళేసరికి ఆయన పైకి చేరిపోయాడు. కూర్మారావు కింద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

“గొలుసేది వదినా?”

“బాగా చేస్తున్నావు కూర్మారావూ” అన్నాను. అతను నా వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

మా ఆయన పైనుంచి చూశాడు. నేను నవ్వి చెయ్యి ఊపాను. నా మొహంలో ఏ కంగారూ లేదు. ఆయన కూడా నవ్వి, నడుముకున్న తాడు సరిచేసుకుని, తీగ వైపు తిరిగాడు.

నేను కెమెరా కోసం వెతికాను. చెట్లలో చూశాను, ఆగి ఉన్న ఆటోలో చూశాను. ఎక్కడా కనిపించకపోయేసరికి డాక్టర్‌కి ఫోన్ చేశాను.

“కనిపెట్టేశాను డాక్టర్‌గారూ. కెమెరా ఎక్కడ దాచారో మాత్రం దొరకలేదు.”

“ఏ కెమెరా?”

“రొయ్యల షెడ్డు దగ్గర. కూర్మారావు, జనరేటరు, అన్నీ బాగున్నాయి.”

“ఈశ్వరిగారూ, మేమింకా మొదలుపెట్టలేదు. లైన్ కూడా చూసుకోలేదు. ఆయన్ని ఆపండి.”

ఆవిడ ఒకసారి నా దగ్గర నిజం దాచింది. ఇదీ అలాంటిదేనేమో, నన్ను హడలగొట్టడానికి చివరి ఎత్తేమో. అలా అనుకోవడానికి నాకు అన్ని కారణాలూ ఉన్నాయి. కానీ పదిహేనేళ్ళుగా నేను గొంతులు కోసి అతికిస్తున్నాను. ‘ఆపండి’ అన్న మాటలో రెండో అక్షరం దగ్గర ఆవిడ ఊపిరి తెగింది. అది నటించడం ఎవరి వల్లా కాదు.

అప్పుడు వినపడింది నాకు, షెడ్డు గోడ వెనకనుంచి జనరేటరు మోత. అది అక్కడ మొదటినుంచీ ఉంది.

తల ఎత్తాను. ఆయన చెయ్యి తీగకి జానెడు దూరంలో ఉంది. అరవాలనుకున్నాను. గొంతు రాలేదు. నోరు తెరుచుకుంది, లోపల్నుంచి గాలి కూడా రాలేదు. కాళ్ళూ చేతులూ నావి కావు. నాకు మిగిలింది మొహం ఒక్కటే. ఆ మొహంలోకి ఏమేం వచ్చాయో నాకు తెలియదు, నేను దాన్ని చూడలేదు.

చూసింది ఆయన. చెయ్యి వేసే ముందు ఎందుకో ఒకసారి కిందికి చూశాడు. కూర్మారావు ఏదో అరుస్తున్నాడు, ఆయనకి అది పట్టలేదు. నన్నే చూస్తున్నాడు. చూస్తుండగానే ఆయన మొహం రంగు మారింది. చెయ్యి గాల్లో ఆగింది, తర్వాత వెనక్కి వచ్చి స్తంభాన్ని వాటేసుకుంది. పద్దెనిమిదేళ్ళ లైన్‌మన్ చిన్నపిల్లాడిలా స్తంభాన్ని కావలించుకుని, ఒక్కో అడుగే దిగాడు. కింద కాలు పెట్టగానే కూలబడ్డాడు.

“భయమేసింది” అన్నాడు. “ఈశ్వరీ, నాకు భయమేసింది.” ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాం.

కాసేపటికి కరెంటు ఆఫీసు జీపు వచ్చింది. కూర్మారావు అందులోంచి ఇంకో గొలుసు తీసి తీగల మీదికి విసిరాడు. పట్టపగలు కళ్ళు మూసుకోవాల్సినంత మెరుపు వచ్చింది. షెడ్డు లోపల జనరేటరు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది.

*

ఇది జరిగి ఏడు నెలలయింది. మా ఆయన మళ్ళీ గ్యాస్ మూడుసార్లు చూస్తున్నాడు. గొలుసు లేకుండా గడప దాటడు. నేను ఫోన్ ఎత్తకపోతే వాచ్‌మన్‌కి ఫోన్ వెళ్తోంది. పోయిందంతా తిరిగి వచ్చింది. కాకపోతే అది నా మొహం తోవన వచ్చింది.

ఆ రోజు ఇంటికి వచ్చాక మంచినీళ్ళ గ్లాసు ఇవ్వబోతే, ఆయన నన్ను చూసి గోడ దాకా వెనక్కి జరిగాడు. నుదుటి మీద చెమట. అలసట అనుకున్నాను. మర్నాడూ అంతే, వారం తర్వాతా అంతే. డాక్టర్ కాత్యాయని పట్టీ తొడిగి నా ఫొటో చూపించింది, పెళ్ళినాటి ఫొటో. పచ్చగీత తెర దాటిపోయింది. ఏడో చిత్రానికి మొదటిసారి దాటినట్టే దాటింది.

“దీన్ని కూడా తీసెయ్యొచ్చు” అంది ఆవిడ, కింద చూస్తూ. “ఫొటో చూపించడం, పది నిమిషాలు ఆగడం, మళ్ళీ చూపించడం. మీకు పద్ధతి తెలుసు. కానీ తీగ భయం కూడా దానితో పాటే పోతుంది. రెండూ ఒక్కసారే అంటుకున్నాయి, విడదీయడం నాకు చేతకాదు.”

వద్దన్నాను. మా ఆయన కూడా వద్దన్నాడు, తలుపు అవతలనుంచి.

ఇప్పుడు మేం గోడకి ఇటూ అటూ కాపురం చేస్తున్నాం. నా గొంతుకి మాత్రం భయం అంటలేదు, ఎందుకంటే ఆ రోజు నేను అరవలేకపోయాను. అందుకని వంటింట్లోంచి నేను మాట్లాడతాను, హాల్లోంచి ఆయన మాట్లాడతాడు. పెళ్ళయిన కొత్తలో కూడా మేం ఇన్ని కబుర్లు చెప్పుకోలేదు. పక్కన కూర్చోవాలనిపిస్తే నేను వెనకనుంచి వెళ్ళి ఆయన వీపుకి వీపు ఆనించి కూర్చుంటాను. ఆయన చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి పట్టుకుంటాడు. నాకు ఆ మొహం చూడాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

రోజుకి ఒక్కసారి మాత్రం చూస్తాడు. తీగ దగ్గర ఆ భయం తోడుండాలని ఆయనే పెట్టుకున్న నియమం అది. పొద్దున్న సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర ఆగుతాడు. నేను ఎదురుగా వచ్చి నిలబడతాను. నా కళ్ళలోకి చూస్తాడు, పెదాలు వణుకుతాయి, మెడ మీద చెమట పడుతుంది. ఆ భయం పైకి ఎక్కుతుండగానే నేను మొహం తిప్పేసుకుంటాను. ఎక్కడ కొయ్యాలో నాకు తెలుసు. ఒక్క సెకను ఎక్కువ చూడనివ్వను, రెండోసారి చూడనివ్వను, నేను నవ్వను. ఎప్పుడూ నవ్వను. అప్పుడాయన స్తంభం ఎక్కడానికి వెళ్తాడు.

అయినా రోజులు గడుస్తున్నాయి, రోజుకొకసారి చూస్తూనే ఉన్నాడు. మొన్న సోమవారం చెమట కొంచెం ఆలస్యంగా పట్టిందేమోనని నా అనుమానం. ఏదో ఒక పొద్దున్న ఆయన నా మొహంలోకి చూసి హాయిగా నవ్వేస్తాడేమోనని నాకు భయం.